గద్దె మీద ఖాళీ జాగ

నా చిన్నప్పుడు మేమున్న లైన్ చివర ఒక గద్దె ఉండేది. లైన్ అంటే రైలుది కాదు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనివాళ్ల కోసం గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లను లైన్ అనేవాళ్లం. ఒక్కో ఇంటికి ఒక గది, ముందు చిన్న వసారా, వెనక వంట చేసుకునే చోటు. ఈ ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనేవాళ్లు. ఆ వరస ఆఖర్న ఒక వేపచెట్టు, దాని కింద మోకాలెత్తు రాళ్ల గద్దె. దాని మీద దేవుళ్లు ఉండేవాళ్లు. ఒకరిద్దరు కాదు. లైన్‌లో ఎన్ని ఊళ్ల వాళ్లు ఉన్నారో అన్ని ఊళ్ల దేవుళ్లూ ఉండేవాళ్లు.

అందరికంటే ముందు వచ్చింది మైసమ్మ. బాయి తవ్వకముందే ఆ రాయి అక్కడుందని కొందరు, తవ్వినప్పుడు బయటపడిందని కొందరు వాదించుకునేవాళ్లు. పసుపు రాసి రాసి దాని అసలు రంగేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ పక్కన, వార్ధా నది అవతలి నుంచి వచ్చిన మరాఠీ కుటుంబం పెట్టుకున్న విఠోబా పటం. తర్వాత ఎవరో నిర్మల్ పోయినప్పుడు కొనుక్కొచ్చిన కొయ్య కృష్ణుడు. వానలకు రంగు లేచిపోయి, నీలి దేవుడు కాస్తా సగం తెల్లబడ్డాడు. బాయిలో యంత్రం నడిపే సాయిబు ఒకాయన దర్గా నుంచి తెచ్చి కర్రకు కట్టిన ఆకుపచ్చ గుడ్డ. అరవవాళ్ల దేవుడి బల్లెం, వేలాయుధం. ఒక చిన్న శిలువ. దాన్ని పెట్టిన కుటుంబం వేరే బాయికి వెళ్లిపోయినా శిలువ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎవరి ఊళ్లో వాళ్లుంటే ఈ దేవుళ్లు ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లు కారు. బెల్లంపల్లి ఎండకు అందరూ ఒకే చెట్టు నీడన సర్దుకున్నారు.

ఆ వరసలో చివర ఒక టోపీ ఉండేది. బాయిలోకి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే గట్టి టోపీ. ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉండేది. దానికీ రోజూ బొట్టు పెట్టేవాళ్లు, దాని ముందూ దీపం వెలిగేది. అది లైన్‌లో చివరింటి పెద్దమ్మ భర్తది. మేం రాకముందెప్పుడో బాయిలో పైనుంచి బండ పడి ఆయన పోయాడు. పెద్దమ్మ అని నేను వరస కలిపి పిలిచేదాన్నిగానీ ఆమె మాకు చుట్టం కాదు. ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి, మాటల్లో అక్కడక్కడా మరాఠీ దొర్లేది. గద్దెను ఊడ్చి, కడిగి, ముగ్గేసి దీపాలు పెట్టే పని ఆమెదే. ఎవరూ ఆమెకు అప్పజెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

టోపీ తర్వాత, గద్దె అంచు దాకా, మూరెడు ఖాళీ జాగ ఉండేది. అక్కడ ఏ దేవుడూ లేడు. అయినా పెద్దమ్మ ఆ జాగను కూడా రోజూ తుడిచి, నీళ్లు చల్లి, దానికో చిన్న ముగ్గు పెట్టేది. ఎవరి కోసమో నాకు తెలియదు. అడగాలంటే భయం. టోపీ పక్కనే ఉంది కాబట్టి అది కూడా బాయిలో చనిపోయే మనిషిదే అయి ఉంటుందని ఊహించుకున్నాను. ఇంకా పోలేదు, ఎప్పుడో పోతాడు, ఆయన కోసం ముందే తుడిచి ఉంచుతున్నారు అనుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల బుర్ర అలాగే పనిచేస్తుంది. ఎవరితోనూ అనకుండా ఆ భయాన్ని నాలోనే పెట్టుకొని తిరిగాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పేపరు చదువుతూ పాంథియాన్ అంటే ఏమిటని అడిగింది. ఎవరో ఆటగాడు ఆట మానేస్తే, ఆయన క్రికెట్ పాంథియాన్‌లో చేరిపోయాడని రాశారట. ఏళ్ల తరబడి పంతులమ్మగా పనిచేసినదాన్ని, తెలియదంటే పరువు పోతుంది. అద్దాలు వెతుక్కొని, నిఘంటువు దించి, చూసి చెప్పాను. గ్రీకు మాట. దేవుళ్లందరూ అని అర్థం. పూర్వం రోము నగరంలో దేవుళ్లందరికీ కలిపి కట్టిన గుడికి ఆ పేరుండేదట. ఒక జాతి కొలిచే దేవతలందరినీ కలిపి కూడా ఆ మాటతోనే చెబుతారు. తర్వాత పారిస్‌లో అదే పేరున్న కట్టడంలో దేశానికి పేరు తెచ్చిన మనుషులను సమాధి చేయసాగారు. అలా దేవుళ్ల మాట మెల్లగా మనుషుల మీదికి దిగింది. ఇప్పుడు ఆటగాళ్లకొకటి, పాటగాళ్లకొకటి, సినిమా వాళ్లకొకటి. రేపు హోటళ్లలో వంట చేసేవాళ్లకు కూడా ఒకటుందంటే నేను ఆశ్చర్యపోను.

మనవరాలు విని, సరేనని తన పని తాను చూసుకుంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. రోము మొహం నేను చూడలేదు. కానీ ఆ మాటకున్న పాత అర్థాన్నీ కొత్త అర్థాన్నీ మా లైన్ చివర నేను పక్కపక్కనే చూశాను. చూడడం ఒక్కటే కాదు, ఒకరోజు దాని మీదికి ఎక్కి కూర్చున్నాను.

మేం కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లం. మా బాపు మగ్గం నేసేవాడు. మాది గుంట మగ్గం, అంటే నేలలో నడుములోతు గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకొని కూర్చొని తొక్కుతూ నేసేది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో ఆ పని సాగడం కష్టమైంది. నూలు దొరికితే గిరాకీ లేదు, గిరాకీ ఉంటే నూలు లేదు. చివరికి మగ్గం విప్పి అటక మీద పెట్టి, బాపు మమ్మల్నందరినీ బెల్లంపల్లికి తీసుకొచ్చాడు. అందరం అంటే మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను, చంకలో ఉండే తమ్ముడు, బాపు తల్లి. ఆమెను మేం బాపమ్మ అనేవాళ్లం. పెద్దపల్లిలో రైలెక్కేటప్పుడు బాపమ్మ ఒకే ఒక్క మాట అన్నది.

"నడుములోతు గుంట సాలదా కొడుకా, భూమి లోపలికి పోవడితివి."

బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట నా కడుపులో పడి అక్కడే ఉండిపోయింది.

రైల్లో దారి పొడుగునా బాపమ్మ ఒళ్లో పసుపు గుడ్డ మూట ఒకటి ఉంది. అందులో మా ఇంటి దేవుడు వేములవాడ రాజన్న. ఇత్తడి ప్రతిమ, అరచేతిలో ఇమిడేంత. ఆమె అత్తగారి నుంచి ఆమె చేతికొచ్చిన దేవుడు. మేం లైన్‌లో దిగిన రోజే చివరింటి పెద్దమ్మ మా గడపలోకి వచ్చి, ఏ ఊరు, ఎవరి బిడ్డలు అని మామూలు మాటలన్నీ అడిగి, మీ ఇంటి దేవుడు ఎవరని కూడా అడిగింది. రాజన్న అని చెప్పి, ఇంటి దేవుడు ఇంట్లోనే ఉంటాడని బాపమ్మ పెడసరంగా అన్నది. పెద్దమ్మ తల ఊపి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

బాపమ్మకు గద్దె అంటే గిట్టేది కాదు. ఆకుపచ్చ గుడ్డ ఉన్నందుకు కాదు, శిలువ ఉన్నందుకూ కాదు. మా ఊళ్లో పీర్ల పండుగకు పీర్ల ముందు ఊదు వేసిన మనిషే ఆమె. ఆమె కోపమంతా టోపీ మీద. దేవుళ్లు వేరు, పోయిన పెద్దలు వేరు. పెద్దలకు పెత్రమాసనాడు, అంటే పెద్దల అమావాస్యకు పెడతాం, దేవుళ్లకు రోజూ మొక్కుతాం. రెండింటినీ కలిపితే ఇంటికి మంచిది కాదని ఆమె గట్టి నమ్మకం. "సచ్చినోని టోపీకి బొట్టు పెడుతరా ఏడన్న," అని మా అవ్వ దగ్గర గొణిగేది. నీళ్లకు పోయేటప్పుడు గద్దె ఉన్న దిక్కు చూడకుండా చుట్టు తిరిగి పోయేది. నన్నూ అటు పోవద్దనేది. పోవద్దన్న చోటికే కళ్లు పోతాయి కదా. బాపు పనికి పోయిన ప్రతిరోజూ నేను వసారాలో నిలబడి ఆ ఖాళీ జాగను చూసేదాన్ని. అది ఖాళీగానే ఉంటే ఆ పూటకు ఊపిరి తీసుకునేదాన్ని.

బాయి సైరన్ షిఫ్టు మారేటప్పుడు మోగేది. ఆ వేళలు లైన్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. వేళ కాని వేళ మోగితే అర్థం ఒకటే. మేం వచ్చిన తర్వాత అప్పటిదాకా అది అలా మోగగా నేను వినలేదు గానీ, విన్నవాళ్లు దాని సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు.

ఆ రోజు బాపుది పొద్దుటి షిఫ్టు. సద్ది గిన్నె పట్టుకొని చీకటితోనే పోయాడు. నేను బడి నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాను. మా అవ్వ జొన్న గటక గిన్నెలో వేసి, పచ్చిపులుసు పోస్తున్నది. సైరన్ మోగింది. అవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయింది, పులుసు గిన్నె నిండి కింద కారింది. ఆపి ఆపి మళ్లీ మోగింది. అవ్వ తమ్ముణ్ని చంకనెత్తుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. ప్రతి ఇంట్లోంచీ ఒక మనిషి అలాగే బయటికొచ్చింది. కొందరు ఏడుస్తూ, కొందరు ఏడవడానికి కూడా భయపడుతూ. కాసేపటికి లైన్ మొత్తం ఖాళీ అయింది. ఎవరి పొయ్యి మీదో అన్నం మాడుతున్న వాసన వచ్చింది.

బాపమ్మకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం నడవలేదు. నన్ను కాపలా పెట్టి పోయారో, ఆమెను నాకు కాపలా పెట్టారో తెలియదు, ఇద్దరం గడపలో కూర్చున్నాం. సైకిల్ మీద ఒకాయన బాయి వైపు నుంచి వస్తుంటే బాపమ్మ ఆపి అడిగింది. లోపల ఒక దిక్కు బండ పడిందనీ, దారి మూసుకుపోయిందనీ, ఆ పక్కన కొందరు చిక్కుకున్నారనీ చెప్పాడు. ఎవరెవరని అడిగితే తెలియదన్నాడు. పైకి వచ్చినవాళ్లు బాయిలోకి తీసుకుపోయిన తమ దీపాలు అప్పజెబుతున్నారు, ఎవరి దీపాలు రాలేదో చూస్తే తెలుస్తుంది అని, ఆగకుండా పోయాడు. మా బాపు ఆ దిక్కే పనిచేస్తున్నాడని మాకు తెలుసు. ముందురోజే అన్నం తింటూ చెప్పాడు.

బాపమ్మ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. కోడెను కడతా రాజన్నా, నా కొడుకును ఇయ్యి, కోడెను కడతా రాజన్నా. మా వైపు వేములవాడ మొక్కు అదే, గుళ్లో కోడెను కట్టి మొక్కు చెల్లించడం. ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి అంటున్నది. పెద్దవాళ్లు భయపడకూడదని నేను అనుకునేదాన్ని.

అప్పుడు గద్దె వైపు చూశాను. లైన్‌లో ఆడవాళ్లందరూ బాయి దగ్గరికి పోతే, మా బాపమ్మ కాకుండా పోనిది చివరింటి పెద్దమ్మ ఒక్కతే. బిందెతో నీళ్లు తెచ్చి ఆమె గద్దె కడుగుతున్నది. పొద్దున ఒకసారి కడిగింది, నేను బడికి పోతూ చూశాను. మళ్లీ మధ్యాహ్నం ఎవరు కడుగుతారు? మైసమ్మ దగ్గర మొదలుపెట్టి, పటాన్నీ కృష్ణుణ్నీ తుడుచుకుంటూ, టోపీని తుడిచి, చివరికి ఆ ఖాళీ జాగ దగ్గరికి వచ్చింది. అక్కడ నీళ్లు పోసింది. కొంగుతో తుడిచింది. మళ్లీ పోసి మళ్లీ తుడిచింది.

జాగ సిద్ధం చేస్తున్నది అనుకున్నాను. మా బాపు కోసం.

ఎప్పుడు లేచానో, ఎలా పరుగెత్తానో గుర్తులేదు. గద్దె రాళ్లు పట్టుకొని పైకి ఎక్కి, టోపీకీ అంచుకూ నడుమ ఆ తడి జాగలో మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కూర్చున్నాను. నేను కూర్చుంటే అక్కడ ఇంకెవర్నీ పెట్టలేరు. నా ఆలోచన అంతే. అంతకుమించి ఏమీ లేదు. ఎంతసేపైనా, రేపటిదాకా అయినా లేవకూడదని పళ్లు బిగబట్టాను.

బాపమ్మ కర్ర పట్టుకొని కుంటుకుంటూ వచ్చింది. ఆమె మొహం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. కొడుకు భూమి కింద ఉన్నాడు, మనవరాలు కాళ్లు దేవుళ్ల గద్దె మీద ఉన్నాయి. ఆ గద్దె అంటే ఆమెకు గిట్టకపోయినా, ఆ సమయంలో ఏ దేవుడికీ కోపం తెప్పించే ధైర్యం ఆమెకు లేదు. దిగమని అరుస్తూ కర్ర ఎత్తింది. పెద్దమ్మ తడి చేత్తో ఆ కర్ర పట్టుకుంది.

"కూసోనియ్యి అత్తా. దాన్నేమనకు."

తర్వాత నా ముందు కింద కూర్చొని, ఎందుకెక్కినవు బిడ్డా అని అడిగింది. నేను మోకాళ్లను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె అడగడం మానలేదు, గొంతు పెంచనూ లేదు. చివరికి చెప్పాను.

"మా బాపును ఈడ పెట్టొద్దు."

బాపమ్మ చేతిలో కర్ర కిందికి దిగింది. ఆమె అక్కడే నేల మీద కూలబడింది. పెద్దమ్మ నన్ను చూసింది, పక్కనున్న టోపీని చూసింది, నేను కూర్చున్న జాగను చూసింది. నేనేమనుకున్నానో ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. కొంగుతో నా కాళ్లకంటిన తడి తుడిచింది.

"గిది పోయినోళ్ల జాగ కాదు బిడ్డా. కొత్తగ వచ్చేటోళ్లది. మీది."

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిన సంగతులన్నీ ఆమె మాటల్లో నాకు గుర్తులేవు. అర్థం మాత్రం ఒక్కటీ పోలేదు. ఆ లైన్‌కు ఎవరొచ్చినా ఏదో ఊరు విడిచి, ఏదో పని పోగొట్టుకొని వచ్చినవాళ్లే. అలాంటివాళ్లు మూటలో దేవుణ్ని పట్టుకొని వచ్చి, జర మీ దేవుణ్ని పక్కకు జరపండి అని ఇంకొకరిని అడుక్కోకూడదు. అందుకని గద్దె మీద ఎప్పుడూ ఒక జాగ ఖాళీగా ఉంచుతారు. అది నిండితే ఇంకో రాయి పేర్చి ఇంకో జాగ చేస్తారు. తెమ్మని ఎవరినీ అడగరు. తుడిచి ఉంచుతారు, అంతే. మేం దిగిన రోజు నుంచి ఆ మూరెడు జాగ మా రాజన్న కోసమే ఆగి ఉందట. మీ ఇంటి దేవుడు ఎవరని ఆమె ఆ రోజు అడిగింది అందుకట.

టోపీ సంగతి కూడా చెప్పింది. ఆమె భర్త దేవుడేం కాదు. కోపిష్టి, పేకాట పిచ్చి, లైన్‌లో ఆయనతో పోట్లాడని ఇల్లు లేదు. బండ పడిన రోజు వెనకున్నవాళ్లను కేకలేసి, నెట్టి బయటికి పంపి, తాను ఆగిపోయాడు. బయటపడ్డవాళ్లు మర్నాడు ఆయన టోపీ తెచ్చి గద్దె మీద పెట్టారు. ఈమె తీసి విసిరికొట్టింది. నాకు మనిషి కావాలి, టోపీ ఎందుకన్నది. వాళ్లు మళ్లీ తెచ్చి పెట్టారు. ఇంతమంది దేవుళ్లకు మొక్కాం, ఆ పూట మాకు అడ్డం నిలబడింది ఈయనే, మేం మొక్కుకుంటాం, నీ ఇష్టముంటే నువ్వు మొక్కు, లేకుంటే లేదు అన్నారట. ఆమె ఇంక తీయలేదు.

బాపమ్మ అంతా విన్నది. విని, కర్ర ఊతంగా లేచి ఇంట్లోకి పోయి, పసుపు గుడ్డ మూట గుండెకు అదుముకొని వచ్చింది. ముడి విప్పబోయింది. రాజన్నను ఇప్పుడే కూర్చోబెడతా, ఇన్నాళ్లు లోపల పెట్టినందుకే ఇట్లయింది, తప్పయిందని ఏడ్చింది. నేను లేవబోయాను. పెద్దమ్మ బాపమ్మ రెండు చేతులనూ మూటతో సహా పట్టుకుంది.

"గిప్పుడొద్దు అత్తా. గిప్పుడు పెడితె బేరం చేసినట్టైతది. రేపు పెడుదువు. కొడుకు వచ్చినా పెడుదువు, రాకున్నా పెడుదువు."

రాకున్నా అనే మాట అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. ఆమె అన్నందుకు నేను ఆమెను ఆ క్షణంలో ద్వేషించాను. బాపమ్మ కూడా ఆమె వైపు కోపంగా చూసింది. అప్పుడు పెద్దమ్మ చిన్న గొంతుతో ఒక సంగతి చెప్పింది. ఆమె కూడా మా బాపమ్మ లాగే తన ఇంటి దేవుణ్ని చాలాకాలం బయట పెట్టలేదట. సైరన్ మోగిన రోజున పరుగెత్తుకొచ్చి ఇదే జాగలో పెట్టి, మొగుణ్ని ఇయ్యమని తల కొట్టుకుందట. మర్నాడు అదే దేవుణ్ని తీసుకెళ్లి వాగులో విసిరేసిందట. గద్దె మీద అందరి దేవుళ్లూ ఉన్నారు, ఆమె దేవుడు లేడు. రోజూ అందరి దేవుళ్లకూ నీళ్లు పోసే మనిషికి తనదంటూ ఒక్క దేవుడు లేడని మాకు అప్పుడు తెలిసింది.

బాపమ్మ ముడి మళ్లీ బిగించి, మూట ఒళ్లో పెట్టుకొని గద్దెకు ఆనుకొని కూర్చుంది. పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుంది. నన్ను దిగమని ఎవరూ అనలేదు. దిగితే ఏమవుతుందోనని నేనూ దిగలేదు. వచ్చేటోళ్ల జాగ అని ఆమె చెప్పింది, నేను విన్నాను, నమ్మాను కూడా. కానీ భయం నమ్మకంతో పోయేది కాదు. ఎండ వేపచెట్టు దాటి గోడల మీదికి పాకింది. పెద్దమ్మ నా చేత మాట్లాడించడానికి ఏ దేవుడు ఏ ఊరి నుంచి, ఎవరి మూటలో వచ్చాడో ఒక్కొక్కటే చెబుతూ పోయింది. రంగు పోయిన కృష్ణుడి మీద ఏదో నవ్వు మాట కూడా అన్నది. నేను నవ్వలేదు. నా చూపు బాయి దారి మీదే ఉంది.

పొద్దు వాలుతుండగా దారిలో మనుషులు కనిపించారు. ముందు ఆడవాళ్లు. దూరం నుంచి నడక చూస్తే ఏమీ తెలియలేదు. ఏడుపు వినిపించలేదు. అది మంచికో చెడుకో నాకు అర్థం కాలేదు. వాళ్ల వెనక మగవాళ్లు వస్తున్నారు. అందరి మొహాలూ నల్లగా ఉన్నాయి. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించడం లేదు. అందరూ ఒక్కలాగే ఉన్నారు. వాళ్లలో మా బాపు ఉన్నాడో లేడో గుర్తుపట్టలేకపోయాను. నా సొంత తండ్రి మొహం నాకు దొరకలేదు. ఆ కాసేపు పడ్డ భయం అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ నేనెప్పుడూ పడలేదు.

వాళ్లలో ఒకాయన గద్దె ముందు ఆగాడు. ఆగి, కుడికాలి మడమ కొద్దిగా ఎత్తి ఆడించాడు. మగ్గం తొక్కి తొక్కి ఆ కాలికి అలవాటైన కదలిక. బొగ్గుబాయిలో ఆ కాలు ఇంకెవరికీ లేదు.

"గీడెందుకు కూసున్నవు బిడ్డా?" అన్నాడు.

బాపు రెండు చంకల కింద చేతులు పెట్టి నన్ను ఎత్తి దించాడు. నా పరికిణీ అంతా బొగ్గయింది. అప్పుడు ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, అప్పటిదాకా బిగబట్టుకున్న మా అవ్వ కూడా నాతోపాటు మొదలుపెట్టింది. ఆ రోజు చిక్కుకున్నవాళ్లందరూ బయటికి వచ్చారు. ఒకాయన కాలు మాత్రం నలిగింది, ఆయన ఆ తర్వాత కుంటుతూనే పనిచేశాడు. బాపమ్మ కొడుకు మొహాన్ని తన కొంగుతో తుడిచి తుడిచి, కింద చర్మం కనిపించేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున బాపమ్మ తలస్నానం చేసి, మూట పట్టుకొని గద్దె దగ్గరికి పోయింది. నేనూ వెంట పోయాను. పెద్దమ్మ అప్పటికే ఆ జాగలో ముగ్గేసి ఉంచింది. బాపమ్మ ముడి విప్పి రాజన్నను కూర్చోబెట్టి, బొట్టు పెట్టి మొక్కింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలికి మిగిలిన కుంకుమతో పక్కనున్న టోపీకి కూడా బొట్టు పెట్టింది. పసుపు గుడ్డ మడుచుకొని తిరిగొచ్చింది. ఆ తర్వాతి సెలవుకు బాపూ ఇంకో ఇద్దరూ కలిసి రాళ్లు మోసుకొచ్చి గద్దెను మరి కొంచెం పొడిగించారు. పెద్దమ్మ ఆ కొత్త జాగను తుడిచి, దానికి ముగ్గు పెట్టింది. ఎవరి కోసమని నేను అడగలేదు.

బాపు పని మానేసి ఊరికి తిరిగి వచ్చేనాటికి బాపమ్మా లేదు, పెద్దమ్మా లేదు. రాజన్నను వెంట తెచ్చుకుందామని మా అవ్వ అంటే బాపు వద్దన్నాడు. అక్కడ కుదురుకున్నవాణ్ని కదిలించడమెందుకన్నాడు. ఇప్పుడు పేపరులో ఫలానా ఆయన పాంథియాన్‌లో చేరాడని చదివినప్పుడు, చేర్చింది ఎవరో అని చూస్తాను. రాసినాయన పేరు ఉంటుంది, చేరినాయన వల్ల బతికినవాళ్ల పేర్లు ఉండవు. మా టోపీని గద్దె ఎక్కించినవాళ్లు రాయడం రానివాళ్లు. కానీ వాళ్లు ఎందుకు ఎక్కించారో వాళ్లకు తెలుసు.

మా ఇంట్లో దేవుని గూడు గోడలో ఉంది. అందులో దేవుళ్లు, వాళ్ల పక్కన మా బాపు ఫోటో. ఆ తర్వాత జానెడు జాగ ఖాళీ. మా కోడలు మొదట్లో అక్కడ అగ్గిపెట్టె పెట్టేది, అగరుబత్తీల పొట్లం పెట్టేది. నేను తీసి పక్కన పెట్టేదాన్ని. ముసలామె చాదస్తం అనుకొని ఆమె మానేసింది. మొన్న మనవరాలిని ఆ గూటి ముందుకు తీసుకెళ్లి ఇదంతా చెప్పాను. ఆ జాగలోకి ఎవరొస్తారు నాయనమ్మా అని అడిగింది. నాకేం తెలుసన్నాను.

ఇన్నేళ్లయినా పొద్దున్నే గుడ్డ పట్టుకొని ఆ ఖాళీ జాగ ముందు నిలబడగానే ముందు నా గుండె జారుతుంది. ఇంట్లోవాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో మనసులో ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాతే ఇది వచ్చేటోళ్ల జాగ అన్న పెద్దమ్మ మాట గుర్తొస్తుంది. అప్పుడు తుడుస్తాను.